బీరువా తాళం తీసే ప్రణాళిక

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా మన సంఘ భవనంలో ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం. పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచిక కోసం వ్రాసి ఇచ్చినది.)

కార్యదర్శిగారు ఫోను చేసి, "పాఠశాల గ్రంథాలయాలకు దీర్ఘకాలిక ప్రణాళిక" అనే విషయం మీద అరగంట మాట్లాడమన్నారు. డి.ఎ. బకాయిల మీద మాట్లాడమంటే నాకన్నా గట్టిగా మాట్లాడేవారు ఈ హాలులో నలభై మంది ఉన్నారు కనుక, ఆ సంగతి వారికి వదిలి, నాకు అప్పగించిన పని చేస్తాను. అయితే ప్రణాళిక అనగానే అంకెలు, పట్టికలు వస్తాయని భయపడకండి. ముందుగా నా సొంత తప్పు ఒకటి చెప్పుకోవాలి. అది చెప్పకుండా ఈ విషయం మీద మాట్లాడే అర్హత నాకు లేదు.

1982లో నేను ఒక హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను. పనివేళలు సర్దుకుంటాయని లైబ్రరీ చార్జి కూడా నాకు అంటగట్టారు. మూడు చెక్క బీరువాలు, ఒక ఇనుప బీరువా, ఒక పెద్ద స్టాకు రిజిస్టరు. అంతకుముందున్న మాస్టారు జాబితా చేతికిచ్చి, "సంతకం పెట్టండి, అన్నీ ఉన్నాయి" అన్నారు. పెట్టాను. ఆయన కూడా తన ముందువారి మాట మీద అలాగే పెట్టి ఉంటారు. కొత్త ఉత్సాహం కదా, పిల్లలకు పుస్తకాలిచ్చాను. శనివారం సాయంత్రం బీరువాల చుట్టూ మూగేవారు. నాలుగేళ్ళు బాగా గడిచింది.

1986లో బదిలీ అయింది. చార్జి అప్పగించడానికి ఆరు రోజులు పట్టింది. లెక్కలో 31 పుస్తకాలు తగ్గాయి. అందులో నేను ఇచ్చి పోగొట్టినవి ఎన్నో, నా కంటే ముందే పోయినవి ఎన్నో ఆ దేవుడికే తెలియాలి. సంతకం నాది కనుక రికవరీ కూడా నాదే. రెండు నెలలు జీతంలోంచి కోశారు. పెద్ద మొత్తమేమీ కాదు. కాని ఆఫీసులో అందరి ముందూ "మాస్టారు పుస్తకాలు పోగొట్టారట" అన్న మాట ఉంది చూడండి, అది గుచ్చుకుంది.

కొత్త స్కూల్లోనూ లైబ్రరీ నాకే వచ్చింది, అనుభవం ఉందని. ఈసారి ఒక్కొక్క పుస్తకం లెక్కపెట్టి తీసుకుని, తాళం వేశాను. పదకొండేళ్ళు ఆ తాళం దాదాపు తీయలేదు. తనిఖీ వచ్చినప్పుడు దుమ్ము దులిపించేవాణ్ణి, అంతే.

ఒకరోజు ఏడో తరగతి పిల్ల అద్దాల బీరువా ముందు నిలబడి, లోపలున్న ఒక కథల పుస్తకాన్ని వేలితో చూపిస్తూ, "మాస్టారూ, అదొక్కటి ఇస్తారా, రేపే తెచ్చేస్తాను" అంది. "తాళం చెవి హెడ్మాస్టరుగారి దగ్గరుందమ్మా" అన్నాను. తాళం చెవి నా లాల్చీ జేబులో ఉంది. ఆ పిల్ల మళ్ళీ అడగలేదు. ఆ సంగతి ఇంతవరకు మా ఇంట్లో కూడా చెప్పలేదు.

మిత్రులారా, మీలో ట్రెజరీవారున్నారు, రెవెన్యూవారున్నారు, పంచాయతీరాజ్ వారున్నారు. మీ సెక్షన్లలోనూ ఇలాంటి బీరువా ఒకటి ఉండే ఉంటుంది. రిటైరయ్యే ముందు నో డ్యూస్ కోసం తిరిగినవారికి నేను విడమరచి చెప్పనక్కరలేదు. తాళం వేసినవాడికి ఏ ఇబ్బందీ రాదు, తీసినవాడికే సంజాయిషీ. బడుల్లో గ్రంథాలయాలు మూతబడటానికి పుస్తకాలు లేకపోవడం ఒక కారణం, గది లేకపోవడం ఒక కారణం, లైబ్రేరియన్ పోస్టులు లేకపోవడం మరొకటి. కాని నా అనుభవంలో అన్నిటికంటే గట్టి కారణం ఈ భయమే. దీర్ఘకాలిక ప్రణాళిక అంటూ వేస్తే దీని దగ్గరే మొదలుపెట్టాలి.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. 1952లో నియమించిన మొదలియార్ కమిషన్ 1953లో నివేదిక ఇస్తూ మన సెకండరీ పాఠశాలల్లో చాలావాటిలో గ్రంథాలయం అనదగ్గది లేదని వ్రాసింది. ఉన్న పుస్తకాలు పాతవి, పిల్లల అభిరుచి చూడకుండా కొన్నవి, చూసేవాడు ఒక గుమాస్తానో, ఆసక్తి లేని ఉపాధ్యాయుడో అని కూడా వ్రాసింది. అది చదివినప్పుడు నన్ను చూసే వ్రాశారా అనిపించింది. అంతకుముందే, 1931లో, రంగనాథన్ గారు తమ గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రాల పుస్తకంలో మొట్టమొదటి సూత్రంగా పెట్టింది, పుస్తకాలున్నది వాడటానికి అన్న మాటనే. ఆయన గణితం చెప్పే ఉపాధ్యాయుడుగా ఉండి, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి వచ్చినవారు. ఇంత మామూలు మాటను ఒక సూత్రంగా ఎందుకు పెట్టవలసి వచ్చిందని అడిగేవారికి, పూర్వం ఐరోపాలో పుస్తకాలను అరలకు ఇనుప గొలుసులతో కట్టి ఉంచిన సంగతి గుర్తుచేస్తారు. మనం గొలుసుకు బదులు గోద్రెజ్ తాళం వాడాం, అంతే తేడా.

ఇక మన ప్రాంతం సంగతి. 1914లోనే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడిన గడ్డ ఇది. అయ్యంకి వెంకట రమణయ్యగారు జీవితమంతా దానికే ధారపోశారు. 1935లో పాతూరి నాగభూషణంగారు పడవలో పుస్తకాలు పెట్టి, కృష్ణా కాలువ మీద ఊరూరా తిప్పారు. నీళ్ళ మీద తిరిగే పుస్తకం తడవదా, పోదా? పోతుందని వారికీ తెలుసు. అయినా తిప్పారు. ఆ ధైర్యం మన బడుల దాకా ఎందుకు రాలేదో ఆలోచించదగ్గ విషయం.

ఇప్పుడు నిబంధనల మాట. మన సంఘంలో అకౌంట్స్ శాఖలో చేసి రిటైరైన మిత్రులొకరు నాకు ఒక సంగతి చూపించారు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు, 2017. అందులో గ్రంథాలయాల కోసం ప్రత్యేకంగా ఒక నిబంధన ఉంది. ఏడాదిలో ఇచ్చిన లేదా పాఠకులు సంప్రదించిన ప్రతి వెయ్యి పుస్తకాలకు అయిదు పుస్తకాలు పోతే, అందులో నిర్లక్ష్యం గాని, మోసం గాని లేకపోతే, దానిని సహజమైన నష్టంగా భావించవచ్చు. వెయ్యి రూపాయలకు మించిన ఖరీదు గలవి, అరుదైనవి పోతే మాత్రం తప్పక విచారించాలి. ఇది కేంద్ర కార్యాలయాల కోసం చేసిన నిబంధన. మన జిల్లా పరిషత్తు, మండల పరిషత్తు బడులకు నేరుగా వర్తించదు. కాని అందులోని న్యాయం గమనించండి. బీరువాలో ఉన్న వెయ్యికి అయిదు అనలేదు, చేతులు మారిన వెయ్యికి అయిదు అన్నారు. పిల్లలకు ఏడాదిలో మూడువేల సార్లు పుస్తకాలిచ్చిన మాస్టారుకు పదిహేను పోయినా తప్పు లేదు. తాళం వేసుకున్న మాస్టారుకు ఒక్కటి పోయినా తప్పే! ఇది నాకు 1986లో తెలిసి ఉంటే ఎంత బాగుండేది. అప్పటి పాత నిబంధనల్లో ఏముందో చూపించేవారు మా ఆఫీసులో లేరు.

కనుక ప్రణాళికలో మొదటి కాగితం పుస్తకాల జాబితా కాకూడదు. ఏడాదికి ఇన్ని పుస్తకాలు చిరిగిపోతాయి, ఇన్ని పోతాయి, వాటికి లైబ్రరీ చూసే ఉపాధ్యాయుడు బాధ్యుడు కాడు, సంవత్సరాంతంలో కమిటీ ఎదుట లెక్క చూసి, తీర్మానంతో పై అధికారి మంజూరుకు పంపి రైటాఫ్ చేయాలి అని ముందే వ్రాసుకున్న కాగితం కావాలి. అది లేకుండా ఎన్ని లక్షల పుస్తకాలు కొన్నా బీరువాల వ్యాపారులకే లాభం.

ఏ కమిటీ అంటారా? 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడికి పాఠశాల యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే. ఆ కమిటీ పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాలని చట్టం చెప్పింది. అది మూడేళ్ళ ప్రణాళికగా, ఏడాదికొక భాగం చొప్పున ఉండాలని 2010లో కేంద్రం ఇచ్చిన నమూనా నియమాలలో ఉంది. అదే చట్టం షెడ్యూలులో ప్రతి బడికీ గ్రంథాలయం ఉండాలని, అందులో వార్తాపత్రిక, మాసపత్రికలు, అన్ని విషయాల పుస్తకాలు, కథల పుస్తకాలు ఉండాలని వ్రాశారు. కథల పుస్తకాలు అని విడిగా చెప్పినందుకు ఆ వ్రాసినవారెవరో గాని వారికి నమస్కారం. మనం వెతుకుతున్న దీర్ఘకాలిక ప్రణాళికకు చోటు చట్టంలోనే సిద్ధంగా ఉంది. చాలాచోట్ల ఆ ప్రణాళికలో ప్రహరీగోడ ఉంటుంది, మరుగుదొడ్లు ఉంటాయి, ఉండవలసిందే. లైబ్రరీ మాత్రం ఒక వరుసలో "పుస్తకాలు అవసరం" అని ముగుస్తుంది.

ఇక్కడ నా రెండో తప్పు చెప్పాలి. 1998లో నేను హెడ్మాస్టరునయ్యాను. పాత పశ్చాత్తాపం ఉంది కనుక, వెళ్ళిన బడిలో బీరువాలు బార్లా తెరిచాను. తరగతి గదుల్లో తీగలు కట్టించి పుస్తకాలు వేలాడదీశాం. ఎనిమిదో తరగతి పిల్లలే ఇష్యూ పుస్తకం వ్రాసేవారు. మధ్యాహ్నం వేపచెట్టు కింద నలుగురు తలలు కలిపి ఒకే పుస్తకం చదువుతుంటే చూడటం నా సర్వీసులో నాకు మిగిలిన సంతోషాలలో ఒకటి. 2002లో బదిలీ అయింది. రెండేళ్ళ తరువాత ఆ ఊరు పెళ్ళికి వెళ్ళి, ఉండబట్టలేక బడికి వెళ్ళాను. ఆ బీరువాలు మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాల వెనుక ఉన్నాయి. బస్తాలు తొలగిస్తే గాని తలుపు తెరుచుకోదు.

మొదట కొత్త హెడ్మాస్టరుగారి మీద కోపం వచ్చింది. ఇంటికి వస్తూ బస్సులో ఆలోచిస్తే ఆయన తప్పేమీ కనబడలేదు. నేను అన్నీ నోటిమాటగా చేశాను. పుస్తకాలు పోతే నేను చూసుకుంటానని మాస్టర్లకు ధైర్యం చెప్పాను గాని, కాగితం మీద ఏమీ పెట్టలేదు. లైబ్రరీ పీరియడు టైంటేబులులో వేయలేదు, "ఖాళీ దొరికినప్పుడు" అన్నాను. నేను కదలగానే ధైర్యం కూడా నాతోనే బస్సెక్కింది. మంచి మాస్టారు ఉంటే గ్రంథాలయం నడుస్తుందంటారు. నిజమే, ఆయన బదిలీ అయ్యేవరకు నడుస్తుంది.

అందుకని మూడేళ్ళ ప్రణాళిక అంటే నా దృష్టిలో హెడ్మాస్టరు మారినా, లైబ్రరీ చూసే టీచరు మారినా ఆగని పనిని కాగితం మీద పెట్టడం. వారానికి తరగతికొక పీరియడు, అది లెక్కల మాస్టారు పరీక్షల పేరుతో తీసుకోకుండా టైంటేబులులో ఎర్ర సిరాతో. ఇద్దరు టీచర్లకు ఉమ్మడి బాధ్యత, ఒకరు వెళ్తే ఒకరుంటారు. బీరువా తాళం చెవి ఆఫీసు గదిలో అందరికీ కనబడే మేకుకు. చిన్న విషయాల్లా కనిపిస్తాయి గాని, నేను రెండుసార్లు దెబ్బతిన్నది వీటి దగ్గరే.

డబ్బు సంగతి కొంచెం చూద్దాం. సమగ్ర శిక్ష పథకం 2018లో వచ్చినప్పుడు గ్రంథాలయ గ్రాంటు కింద ప్రాథమిక పాఠశాలకు ఏటా 5,000 రూపాయల వరకు అన్నారు. అది చేతికి అందేది ఎప్పుడు, ఎంత, నగదుగానా పుస్తకాలుగానా అన్నది వేరే కథ. 5,000 అంటే ఏం వస్తుందని పెదవి విరిచేవారున్నారు. లెక్క వేద్దాం. పిల్లల పుస్తకం సగటున 50 రూపాయలనుకుంటే ఏడాదికి 100 పుస్తకాలు. ఏటా పదోవంతు చిరిగో, పోయో పోతాయనుకోండి. నిబంధన చెప్పిన దానికంటే ఎక్కువే వేసుకుంటున్నాను, చిన్న పిల్లలు కదా. రెండో ఏడు 90 మిగిలి, కొత్త 100 కలిపి 190. మూడో ఏడు 171 మిగిలి, మరో 100 కలిపి 271. అరవై మంది పిల్లలున్న బడికి తలకు నాలుగు పుస్తకాల పైమాట. ఇది తక్కువేం కాదు. కాని మార్చి నెలాఖరులో గ్రాంటు మురిగిపోతుందని, ఎవరో తెచ్చిన అయిదు పెద్ద అట్టల విజ్ఞాన సర్వస్వాలు కొంటే, మూడేళ్ళకు పదిహేను పుస్తకాలు వస్తాయి. ఆ బరువుకు రెండో తరగతి పిల్లవాడు వాటిని ఎత్తలేడు కూడా.

ఏ పుస్తకాలు కొనాలన్నది పిల్లలు ఎంత చదవగలరన్న దాన్నిబట్టి ఉండాలి. 2022 అసర్ సర్వేలో దేశం మొత్తం మీద గ్రామాల్లోని అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవారు నూటికి 43 మందే. మిగిలిన 57 మందికి మనం బీరువాలోంచి తీసి మహాభారతం చేతిలో పెడితే నమస్కారం పెట్టి తిరిగి ఇచ్చేస్తారు. పేజీకి రెండు వాక్యాలు, పెద్ద అక్షరాలు, బొమ్మ ఉన్న పుస్తకాలు కావాలి. నేషనల్ బుక్ ట్రస్టు, మంచి పుస్తకం, ప్రథమ్ బుక్స్ వంటివారు తెలుగులో ఇలాంటివి వేశారు. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉన్నవి మరీ మంచివి. ఇంగ్లీషు మీడియంలోకి వచ్చిపడిన పిల్లలకు రెండూ అందుతాయి. మన తరానికి 1947లో మొదలైన చందమామ ఉండేది, నెలనెలా ఎదురుచూసేవాళ్ళం. ఇప్పుడది రావడం లేదు. ఆ ఎదురుచూపు కోసమైనా ఒక పిల్లల మాసపత్రికకు బడి పేర చందా కట్టాలి.

ఈ సందర్భంలో మనవాళ్ళ దానాల గురించి ఒక మాట చెబుతాను, ఎవరూ నొచ్చుకోవద్దు. గత ఏడాది మన సంఘం తరఫున పక్క బడికి పుస్తకాలు సేకరించాం. రెండు బస్తాలు వచ్చాయి. అందులో పాత డిపార్టుమెంటల్ పరీక్షల గైడ్లు, చెదలు తిన్న ప్రవచనాలు, ఒక టెలిఫోను డైరెక్టరీ కూడా ఉన్నాయి. అటక ఖాళీ చేసుకోవడం, పుస్తక దానం చేయడం రెండూ ఒకటి కావు. ఏరితే పిల్లలకు పనికివచ్చినవి ఒక సంచిలో పట్టాయి. ఏరివేత అన్నది బడి లైబ్రరీలోనూ అవసరమే. చిరిగినవి, సిలబస్ మారిపోయినవి, ఎవరూ ముట్టనివి లెక్క తీసి పక్కన పెడితే గాని ఉన్న మంచివి కంటబడవు. వెయ్యి పుస్తకాలున్నాయని రిజిస్టరు చెబుతుంది. పిల్లవాడు చదవగలిగినవి ఎన్నో ఏ రిజిస్టరూ చెప్పదు. అది కూర్చుని లెక్కపెట్టవలసిందే.

ఆ కూర్చునే తీరిక ఎవరికుంది? టీచర్లకు లేదు, వారికి ఇవాళ ఫోనులో నింపవలసిన లెక్కలే సరిపోతున్నాయి. మనకుంది. అకౌంట్స్ మిత్రులు ఆ బడికి ఇప్పటికి అయిదారు శనివారాలు వచ్చి స్టాకు రిజిస్టరు సరిచేశారు. ఎప్పుడో పోయిన పుస్తకాలకు పాత టీచర్ల పేర్లు తగిలించకుండా, ఉన్నది ఉన్నట్టు జాబితా వేసి కమిటీ ముందు పెట్టించారు. ఆర్టీసీలో చేసిన మరొక మిత్రులు, కండక్టరు టిక్కెట్ల లెక్కలాగే, పిల్లలు వ్రాయగలిగే ఇష్యూ పుస్తకం ఒకటి గీసి ఇచ్చారు. తేదీ, పేరు, పుస్తకం నంబరు, తిరిగి వచ్చిన రోజు, అంతే. దానిలో నెల చివర ఎన్ని గీతలున్నాయో చూస్తే గ్రంథాలయం నడుస్తోందో లేదో తెలిసిపోతుంది. వేరే నివేదిక అక్కరలేదు.

యాజమాన్య కమిటీలో తల్లిదండ్రులు కాక స్థానిక విద్యావేత్తలకు కూడా నమూనా నియమాలలో చోటుంది. మన మనుమలు ఆ బడిలో చదవకపోయినా మనం ఆ చోటులో కూర్చోవచ్చు. ప్రధానోపాధ్యాయురాలిగారు మనలో ఒకరిని పంపమని అడిగారు. వెళ్ళేవారు ఒక్కటి గుర్తుంచుకోవాలి. మనం తనిఖీకి వెళ్ళడం లేదు. "మా రోజుల్లో" అని మొదలుపెట్టకూడదు. ఆ మాట ఇప్పటికి నేనే నాలుగుసార్లు వాడి ఉంటాను గాని, బడిలో వాడను.

ఇంకొక ఆలోచన ఉంది. మనమంతా ఇంటిపన్ను కడుతున్నాం. 1960 గ్రంథాలయాల చట్టం కింద అందులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కలిసి ఉంటుంది. ఆ డబ్బుతో నడిచే శాఖా గ్రంథాలయం ఆ బడికి అరకిలోమీటరు దూరంలో ఉంది. ఏభై పుస్తకాలు బడికి మూడు నెలలకొకసారి మార్చి ఇవ్వగలరా అని అడగడానికి మన అధ్యక్షులవారు, నేను సోమవారం వెళ్తున్నాం. ఏం చెబుతారో చూడాలి.

బడివారి మూడేళ్ళ ప్రణాళిక చిత్తుప్రతి తయారైంది. నష్టం తీర్మానం మొదటి పేజీలోనే పెట్టించాం. మొదట హెడ్మాస్టరమ్మగారు కొంచెం జంకారు, "పోతాయని మనమే ముందు వ్రాసుకోవడమా" అని. నా 31 పుస్తకాల కథ చెప్పాను. తరువాత మారు మాట్లాడకుండా ఆ పేజీ మీద కమిటీ చేత సంతకాలు చేయించారు. మంజూరు ఇంకా రావలసి ఉంది. వచ్చేవరకు పుస్తకాలు ఇవ్వడం మాత్రం ఆపలేదు.

వచ్చే శనివారం ఉదయం పది గంటలకు ఏరివేత ఉంది. దగ్గరి చూపు కళ్ళజోడు, ఒక పాత తువ్వాలు తెచ్చుకోండి, దుమ్ము బాగా ఉంటుంది. ఆస్తమా ఉన్నవారు రావద్దు, వారికి ఇంటి దగ్గరే నంబర్ల చీటీలు వ్రాసే పని ఇస్తాం. టీ బడివారు ఇస్తామన్నారు, పంచదార లేనిది కూడా. కార్యదర్శిగారి దగ్గర నోటుపుస్తకం ఉంది, వెళ్ళేటప్పుడు పేరు వ్రాసి వెళ్ళండి. ఇప్పటికే అందులో రెండు పేర్లున్నాయి. ఒకటి నాది. రెండోది మా ఇంటావిడది, ఆ సంతకం మాత్రం ఆవిడే స్వయంగా పెట్టింది.